మూడేళ్లయింది, ఇంకా ఆగాలా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, నా భర్తకు 36. మాది ఖమ్మం జిల్లా. పెళ్లయి మూడేళ్లయింది. డీఎస్సీకి చదువుతున్నానని మొదటి ఏడాదిన్నర పిల్లలు వద్దనుకున్నాం. ఉద్యోగం వచ్చాక ఏడాదిన్నరగా ప్రయత్నిస్తున్నాం. ఆయన రాజస్థాన్‌లో ఒక సోలార్ ప్లాంటు దగ్గర సూపర్‌వైజర్. రెండు నెలలకోసారి పది రోజుల సెలవు మీద వస్తారు. నాకు నెలసరి కచ్చితంగా ముప్ఫై రోజులకు వస్తుంది. ఆయన వచ్చి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లోనే నెలసరి కనిపిస్తుంది, ప్రతిసారీ అదే నిరాశ. ఆ రెండు రోజులూ నొప్పితో మంచం దిగలేను, అది చిన్నప్పటి నుంచి ఉన్నదేలెండి. ఈ మధ్య మా ఊళ్లో ఉచిత శిబిరం పెడితే రక్తపరీక్ష చేయించుకున్నాను. ఏఎంహెచ్ (అండాల నిల్వను సూచించే హార్మోన్) 1.2 ఉందని, అండాలు అయిపోతున్నాయని, వెంటనే ఐవీఎఫ్ చేయించుకోవాలని, ఈ నెలలోనే వస్తే రాయితీ ఇస్తామని చెప్పారు. మా అత్తగారు నాగ ప్రతిష్ఠ చేయిద్దాం, ఆ తర్వాత చూద్దాం అంటున్నారు. మా ఆయనేమో, ‘నాకేం లోపం? ఇంటర్లో గవదబిళ్ళలు వచ్చి వారం పడుకోవడం తప్ప ఆసుపత్రి ముఖం చూడలేదు, ముందు నువ్వు చూపించుకో’ అంటున్నారు. నేను ఇంకా ఆగాలా, ఐవీఎఫ్‌కు వెళ్లాలా?

సమాధానం: అమ్మా, ఆగాలా వెళ్లాలా అని మీరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మూడు వాక్యాల్లో ఉంది. ఆయన వెళ్లగానే నెలసరి వస్తుందన్నది ఒకటి. నొప్పితో మంచం దిగలేనన్నది రెండోది. ఇంటర్లో గవదబిళ్ళలన్నది మూడోది. శిబిరంలో మీ చేతిలో పెట్టిన కాగితం కంటే ఈ మూడు వాక్యాలే నాకు ఎక్కువ విషయం చెప్పాయి.

మొదటి వాక్యం చూద్దాం. నెలసరి మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టండి. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి దాదాపు 14 రోజుల ముందు. ముప్ఫై రోజులకోసారి నెలసరి వచ్చే మీకు అది 16వ రోజు ప్రాంతంలో జరుగుతుంది. బయటికొచ్చిన అండం బతికేది 12 నుంచి 24 గంటలు మాత్రమే. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు ఉండగలవు. అంటే మీకు గర్భం నిలిచే అవకాశమున్న రోజులు సుమారుగా 11 నుంచి 16 వరకు, ఆ ఆరు రోజులే.

ఇప్పుడు ఆయన సెలవులు గుర్తుచేసుకోండి. ఆయన వెళ్లిన ఒకటి రెండు రోజులకే నెలసరి వస్తోందంటే, ఆయన ఇంట్లో ఉంటున్నది మీ 19 లేదా 20వ రోజు నుంచి 28, 29 వరకు. అప్పటికి ఆ నెల అండం వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. ఆయన 60 రోజులకోసారి వస్తారు, మీకు నెలసరి 30 రోజులకోసారి. ఒకసారి ఆ వరస కుదిరిందంటే ప్రతిసారీ అదే రోజుల్లో వస్తూ పోతూ ఉంటారు. రైలు టికెట్లూ సెలవు తేదీలూ అటూ ఇటూ అయినప్పుడు ఒకటి రెండుసార్లు సరైన రోజులు కలిసి ఉండవచ్చు. అయినా ఏడాదిన్నరగా ప్రయత్నిస్తున్నామని మీరనుకుంటున్న కాలంలో నిజమైన అవకాశం ఒకటో రెండో నెలలకు మించి దక్కలేదు. ఇన్నాళ్లు ప్రతి నెలా మీరు పడిన బాధ నాకు అర్థమవుతోంది. ఇందులో మీ శరీరం తప్పు చేసిందనడానికి మాత్రం ఇప్పటివరకు ఏ ఆధారమూ లేదు.

డాక్టర్లు పాటించే కాలపరిమితిని ఈ లెక్కతో కలిపి చదవాలి. స్త్రీ వయసు 35 లోపు ఉండి, దంపతులు కలిసి ఉంటూ, ఏ గర్భనిరోధక పద్ధతీ వాడకుండా ఏడాది గడిచినా గర్భం రాకపోతే పరీక్షలు మొదలుపెడతారు. 35 దాటితే ఆరు నెలలే ఆగమంటారు. 40 దాటినవారిని అసలు ఆగవద్దంటారు. ఏడాది అని చెప్పడానికి కారణముంది. కలిసి ఉండే వంద జంటల్లో దాదాపు 85 జంటలకు ఆ ఏడాదిలోనే గర్భం వస్తుంది. మిగిలినవారిలో సుమారు సగం మందికి రెండో ఏడాదిలో వస్తుంది. చుట్టాలు లెక్కపెట్టేది పెళ్లినాటి నుంచి. డాక్టరు లెక్కపెట్టేది సరైన రోజుల్లో కలిసి ఉన్న నెలలను. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు, ఒకరు హైదరాబాద్‌లో మరొకరు బెంగళూరులో ఉంటూ వారాంతాల్లో కలిసేవాళ్లు కూడా ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఈ లెక్క ఒక్కటే అయితే, ఆయన సెలవును మీ 10వ రోజు నుంచి పెట్టించుకోండి, ఒక ఏడాది చూద్దాం అని రాసి ముగించేదాన్ని. కానీ మిగిలిన రెండు వాక్యాలు ఉన్నాయి కాబట్టి ఆగమని చెప్పలేను.

మంచం దిగనివ్వని నెలసరి నొప్పిని మన ఇళ్లలో ఆడపిల్లలకు మామూలే అనేస్తారు. అమ్మకూ ఉంది, అక్కకూ ఉంది అంటారు. కడుపు కొంచెం పట్టినట్టుండటం, ఒక మాత్రతో తగ్గిపోవడం మామూలే. బడికి సెలవు పెట్టి రెండు రోజులు పడుకోవాల్సి రావడం మాత్రం ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భాశయం లోపల ఉండాల్సిన పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీదా పొత్తికడుపులోనూ పెరగడమే ఈ జబ్బు. అది అండవాహికలను (ట్యూబులను) అతుక్కుపోయేలా చేయగలదు, అండాశయాల్లో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్టులు కట్టగలదు. మీకు కొన్ని ప్రశ్నలు: ఈ నొప్పి ఏటికేడు పెరుగుతోందా? కలిసినప్పుడు లోతుగా నొప్పి ఉంటుందా? నెలసరి రోజుల్లో మలవిసర్జన సమయంలో నొప్పి వస్తుందా? వీటిలో ఒక్కదానికి అవును అన్నా డాక్టరుకు మొదట చెప్పాల్సింది అదే. ఇంకో జాగ్రత్త కూడా చెబుతాను. స్కాన్ బాగుందంటే ఈ జబ్బు లేదని అర్థం కాదు. సిస్టులు స్కాన్‌లో కనిపిస్తాయి, చిన్న మచ్చలు చాలాసార్లు కనిపించవు. అందుకే రిపోర్టు మామూలుగా ఉందని చెప్పి మిమ్మల్ని పంపించేస్తే, నొప్పి సంగతి మళ్లీ ఎత్తండి.

గవదబిళ్ళల విషయానికి వస్తే, చిన్నపిల్లలకు వస్తే సంతానం పరంగా సాధారణంగా ఏమీ కాదు. యుక్తవయసు వచ్చాక వస్తే కొందరిలో వృషణాలు కూడా వాస్తాయి. ఎక్కువమందిలో ఒకవైపే వాస్తుంది, వీర్యకణాలు పూర్తిగా పోవడం అరుదు. సంఖ్య తగ్గే అవకాశం మాత్రం ఉంది. ఇంటర్ అంటే పదహారు, పదిహేడేళ్లు. ఆ వారం రోజుల్లో కింద వాపు, నొప్పి వచ్చాయా అని ఆయన్ని అడగండి. ఆయనకు గుర్తు లేకపోతే మీ అత్తగారికి గుర్తుంటుంది.

ఇలాంటి గతం ఉన్నవాళ్లు ఎవరైనా ఏడాది ఆగకూడదు. నెలసరి 21 రోజుల కంటే ముందే వస్తున్నా, 35 రోజులు దాటుతున్నా, అసలే రాకపోయినా ఆగకూడదు. రెండుసార్లు గర్భస్రావమైనవాళ్లు, గర్భం ట్యూబులో నిలిచి ఆపరేషన్ అయినవాళ్లు, అపెండిక్స్ పగిలినవాళ్లు, క్యాన్సర్ చికిత్స తీసుకున్నవాళ్లు వెంటనే వెళ్లాలి. క్షయ వచ్చినవాళ్లు కూడా. మన దేశంలో అండవాహికలు మూసుకుపోవడానికి క్షయ ఇప్పటికీ ఒక ముఖ్య కారణం, ఊపిరితిత్తులకు వచ్చి తగ్గిపోయినా చెప్పాలి. మగవాళ్లలో అయితే చిన్నతనంలో వృషణాలు కిందికి దిగకపోయి ఆపరేషన్ అయినవాళ్లు, కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లు. ఆ ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి. దంపతుల మధ్య కలయికే కష్టమవుతుంటే అది కూడా వెంటనే డాక్టరుతో చెప్పుకోవాల్సిన విషయమే. ఎన్నో జంటలు సిగ్గుతో అది దాచిపెట్టి, ఏళ్ల తరబడి అనవసరమైన మందులు వాడతారు.

ఇక ఏఎంహెచ్ గురించి. ఈ ఒక్క పరీక్షతో ఇంతమంది ఆడవాళ్లను భయపెట్టడం చూస్తుంటే నాకు కోపం వస్తుంది. గాదెలో ఎన్ని గింజలున్నాయో అది చెబుతుంది, ఈసారి విత్తింది మొలుస్తుందో లేదో చెప్పదు. మామూలుగా గర్భం రావడానికి నెలకు ఒక్క మంచి అండం చాలు. 30 నుంచి 44 ఏళ్ల మధ్య వయసుండి, అప్పుడే ప్రయత్నం మొదలుపెట్టిన స్త్రీల మీద అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. ఏఎంహెచ్ తక్కువ ఉన్నవారికీ మామూలుగా ఉన్నవారికీ గర్భం వచ్చే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా అందులో కనిపించలేదు. ఐవీఎఫ్ చేసేటప్పుడు ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు వస్తాయో అంచనా వేయడానికి ఆ పరీక్ష ఉపయోగపడుతుంది. మీ విషయంలో దానికి ఇంకో ఉపయోగం ఉంది. ఎండోమెట్రియోసిస్ సిస్టు ఉందని తేలి, ఎవరైనా ఆపరేషన్ చేసి తీసేద్దామంటే, ఆ ఆపరేషన్ వల్ల అండాల నిల్వ ఇంకా తగ్గవచ్చు. అప్పుడు ఈ 1.2 అన్న అంకెను ముందు పెట్టుకుని మాట్లాడాలి. కాబట్టి కాగితం దాచుకోండి, భయం మాత్రం వద్దు. భర్తను చూడకుండా, నెలసరి నొప్పి గురించి అడగకుండా, అండవాహికలు తెరిచి ఉన్నాయో లేదో తెలుసుకోకుండా ఒక్క రక్తపరీక్షతో ఐవీఎఫ్ చెప్పడం వైద్యం కాదు. నెలాఖరుకు ముగిసిపోయే రాయితీని బట్టి ఇలాంటి నిర్ణయాలు తీసుకోకండి.

మీరు వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి. మొదటి పరీక్ష ఆయనదే కావాలి. పిల్లలు కలగకపోవడంలో మగవారి కారణం, విడిగా గానీ ఆడవారి కారణంతో కలిసి గానీ, దాదాపు సగం జంటల్లో ఉంటుంది. అయినా నా ముందుకొచ్చే ఫైళ్లలో భార్య స్కాన్‌లు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రేలు ఇంత మందాన ఉంటాయి, భర్త కాగితం ఒక్కటీ ఉండదు. ఆమెకు గర్భాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, ఆయన ఒక డబ్బాలో నమూనా ఇస్తే చాలు. నొప్పి లేదు, సూది లేదు, ఖర్చూ తక్కువే. అదే చివరికి మిగిలిపోతోంది.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో మీవారికి ముందే చెబితే సగం బిడియం పోతుంది. అంతకుముందు వీర్యస్ఖలనం జరిగి (కలయికతోనైనా, హస్తప్రయోగంతోనైనా) కనీసం రెండు రోజులు కావాలి, ఏడు రోజులు దాటకూడదు. ల్యాబులో ప్రత్యేకమైన గది ఇస్తారు, వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన డబ్బా ఇస్తారు. హస్తప్రయోగంతోనే నమూనా ఇవ్వాలి, మామూలు కండోమ్‌లో పట్టకూడదు, దానికి పూసిన పదార్థాలు కణాలను చంపేస్తాయి. ఇంట్లోనే ఇస్తానంటే గంటలోపు ల్యాబుకు చేరాలి, దారిలో డబ్బా ఒంటి వేడి తగిలేలా చొక్కా లోపల పెట్టుకోవాలి. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ, అది ఒలికిపోతే సిగ్గుపడకుండా చెప్పాలి. గత మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే అదీ చెప్పాలి. ఒక వీర్యకణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది. జ్వరమైనా, రాజస్థాన్ ఎండలో పనైనా, గుట్కా అయినా దాని ప్రభావం ఆ తర్వాతి రిపోర్టులో కనిపిస్తుంది, మానేసిన మేలు కూడా అంతే ఆలస్యంగా కనిపిస్తుంది.

రిపోర్టు రాగానే ఇంటర్నెట్‌లో వెతికి కంగారుపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలతల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తంలో 42 శాతం కదలిక కింది హద్దులు. సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం ఉంటే చాలు. వందలో తొంభై ఆరు బాగాలేవని చదివి ఏడ్చిన భర్తలు ఉన్నారు, అది అందరిలో ఉండేదే. ఈ హద్దులు వేసింది కూడా ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్ల నమూనాలు చూసి. కొంచెం తక్కువ వచ్చినంత మాత్రాన తండ్రి కాలేరని కాదు. తక్కువ వస్తే కొన్ని వారాల తర్వాత మళ్లీ చేస్తారు. ఒకవేళ కణాలే లేవని వచ్చినా అది చివరి మాట కాదు. దారిలో అడ్డంకి ఉందా, తయారీలోనే లోపమా అన్నది యూరాలజిస్టు తేలుస్తారు.

మీకు చేసే పరీక్షలు కొన్నే. థైరాయిడ్, ప్రొలాక్టిన్, రక్తహీనత, తలసేమియా, రుబెల్లా రోగనిరోధక శక్తి చూస్తారు. నెలసరి రెండో మూడో రోజున స్కాన్ చేస్తారు. నొప్పి ఉన్న రోజుల్లో ప్రయాణం కష్టమని తెలుసు, ముందే మాత్ర వేసుకుని వెళ్లండి. రక్తస్రావం ఆగాక, 10వ రోజులోపు ట్యూబుల ఎక్స్‌రే చేస్తారు. దానికి కొన్ని నిమిషాలే పడుతుంది, నెలసరి నొప్పిలాంటి నొప్పి వస్తుంది, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆయన నమూనా రిపోర్టు చూశాకే ఈ ఎక్స్‌రేకు ఒప్పుకోండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి, గర్భం వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. ఎవరో ఇచ్చే పొడులు, కషాయాలు వద్దు. ఇలాంటి నాటు మందుల్లో సీసం బయటపడిన సందర్భాలున్నాయి. అండం విడుదలకు ఇచ్చే మాత్రలను స్కాన్ లేకుండా మెడికల్ షాపులో కొని వేసుకోవడం కూడా తగదు.

ఇవన్నీ ఖమ్మంలో మంచి గైనకాలజిస్టు దగ్గరే అవుతాయి. సంతాన సాఫల్య నిపుణుల దాకా వెళ్లాల్సి వచ్చేది ట్యూబులు మూసుకుపోయాయని తేలినా, వీర్యకణాలు బాగా తక్కువగా ఉన్నా, ఎండోమెట్రియోసిస్ ఉందని అనుమానం గట్టిపడినా. అన్నీ బాగుండి, సరైన రోజుల్లో కలిసినా ఆరేడు నెలలు ఫలితం లేకపోతే కూడా వెళ్లండి, మీరు 35కు దగ్గరపడుతున్నారు కాబట్టి ఏడాది దాకా లాగవద్దంటాను. ఆయనకు సెలవు ఆ రోజుల్లో దొరకడమే కష్టమైతే, నమూనాను గడ్డకట్టించి భద్రపరిచి ఆయన లేనప్పుడు గర్భాశయంలోకి పంపే పద్ధతి ఉంది. దానికి ఇద్దరి రాతపూర్వక సమ్మతి కావాలి.

సంతాన సాఫల్య కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు, ఇలాంటి చికిత్సల కోసం 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం కింద నమోదైన పత్రం అడిగి చూడండి. చట్టప్రకారం ప్రతి కేంద్రానికీ అది ఉండాలి. మగబిడ్డ గ్యారంటీ అన్నవాళ్ల గడప తొక్కవద్దు, లింగ ఎంపిక నేరం. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. సరోగసీ (అద్దె గర్భం) ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చెప్పి ఇచ్చిన పసికందుకు ఆ దంపతులతో డీఎన్‌ఏ కలవలేదు. ‘వందమందికి చేస్తే ఎంతమంది బిడ్డతో ఇంటికి వెళ్లారు, నా వయసువారిలో ఎంతమంది’ అని అడగండి. పాజిటివ్ వచ్చినవాళ్ల సంఖ్య చెప్పి సరిపెట్టనివ్వకండి. డబ్బు ఇబ్బంది ఉంటే హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ఉంది.

మీ అత్తగారి మాట కాదనకండి. నాగ ప్రతిష్ఠ చేయించండి, దానివల్ల పరీక్షకు అడ్డేమీ లేదు. రెండూ ఒకే సెలవులో పెట్టుకోవచ్చు. అది అయ్యాక చూద్దాం అన్న మాటకు మాత్రం ఒప్పుకోవద్దు.

మీవారికి ఫోన్లో ఇలా చెప్పి చూడండి: ‘లోపం ఎవరిదో తేల్చడానికి కాదు, ఇంటర్లో గవదబిళ్ళలు వచ్చినవాళ్లందరినీ ఈ పరీక్ష చేయించుకోమంటారట.’ తెలియక వచ్చిన జ్వరానికి ఎవరూ బాధ్యులు కారు, ఆ కారణం చెబితే ఆయనకూ తల దించుకునే అవసరం రాదు. ఆయన ఒప్పుకుంటే వచ్చే సెలవును మీ 9వ రోజుకు ఇంటికి చేరేలా పెట్టమనండి. చేరిన మర్నాడే నమూనా ఇచ్చేస్తే, 11 నుంచి 16 వరకు మీకు మిగిలే ఉంటాయి. అత్తగారితో ఈ విషయం మీరు మాట్లాడకండి. ‘అమ్మా, ముందు నాకు పరీక్ష చేయించుకోమన్నారు’ అని ఆయన చేతే చెప్పించండి. ఆ ఒక్క మాటతో ఇంట్లో మిమ్మల్ని అడిగే ప్రశ్నలు చాలావరకు ఆగిపోతాయి.